క్రీడా వ్యాఖ్యాత చెప్పిన వార్త

మన కళాశాలలలో ఒక అభిప్రాయం చాలాకాలంగా పాతుకొని ఉన్నది. వార్తలు చదివేవాడు విజ్ఞుడనీ, ఆటలకు వ్యాఖ్యానం చెప్పేవాడు వట్టి గొంతు గలవాడనీ మనవారి భావన. వక్తృత్వపు పోటీలో బహుమతి పొందిన విద్యార్థిని వార్షికోత్సవ వేదికమీదకు పిలిచి పూలదండ వేస్తాము. క్రీడోత్సవం నాడు ఎండలో నిలబడి, మైకు పట్టుకొని, పరుగుపందెం ఎవరు గెలిచారో చెప్పిన విద్యార్థి పేరు మరునాటికి ఎవరికీ జ్ఞాపకం ఉండదు. ఈ తారతమ్యం సరికాదని నా నమ్మకం. వార్తలు చెప్పటానికి కావలసిన శిక్షణలో అధికభాగం ఆటస్థలంలోనే దొరుకుతుందనీ, అక్కడ మొట్టమొదట నేర్చుకొనేది తొందరపడకుండా ఆగటమేననీ నేను వాదించదలచుకొన్నాను. ఇందుకు నేను ఆధారంగా తీసుకొన్నది అమెరికా దేశపు టెలివిజన్ వ్యాఖ్యాత జిమ్ మెక్కే జీవితం.

మన పాఠకులలో ఆ పేరు విన్నవారు బహుశా తక్కువ. అందులో ఆశ్చర్యమేమీ లేదు. మెక్కే జీవితంలో అతిముఖ్యమైన ఘట్టం జరిగిన 1972 సెప్టెంబరు నాటికి మన దేశంలో టెలివిజన్ ఢిల్లీ ప్రాంతం దాటి రాలేదు. బొంబాయికి అది ఆ మరుసటి నెలలో వచ్చింది. హైదరాబాదుకు 1977లో వచ్చింది. మన పెద్దలు ఆనాటి వార్తను రేడియోలో విన్నవారూ, మరునాడు పత్రికలో చదివినవారూను. మెక్కే ముఖం వారు చూడలేదు.

ఆయన అసలు పేరు జేమ్స్ కెన్నెత్ మెక్‌మానస్. 1921 సెప్టెంబరు 24న ఫిలడెల్ఫియా నగరంలో ఒక ఐరిష్ కాథలిక్ కుటుంబంలో జన్మించాడు. తరువాత ఆ కుటుంబం బాల్టిమోర్ నగరానికి తరలింది. అక్కడి లయోలా కళాశాలలో చదివి 1943లో పట్టభద్రుడయ్యాడు. అది జెసూయిట్ గురువులు నడిపే విద్యాసంస్థ. ప్రొటెస్టంట్లు అధికసంఖ్యాకులుగా ఉన్న దేశంలో ఒక అల్పసంఖ్యాక వర్గంవారు తమ పిల్లల చదువుకోసం నిలబెట్టుకొన్న కళాశాలలలో అది ఒకటి. ఈ మాట మన కళాశాల సంచికలో చెప్పటం అప్రస్తుతం కాదనుకొంటాను.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో నౌకాదళంలో పనిచేసి తిరిగివచ్చిన మెక్‌మానస్ బాల్టిమోర్ సన్ పత్రికా సంస్థలో విలేఖరిగా చేరాడు. ఆయన వివాహమాడిన మార్గరెట్ డెంప్సీ కూడ ఆ సంస్థలోనే పనిచేసిన విలేఖరి. 1947లో ఆ పత్రిక యజమానులు బాల్టిమోర్‌లో టెలివిజన్ కేంద్రం స్థాపించినప్పుడు, ఆ నగరపు టెలివిజన్‌లో మొదట వినిపించిన గొంతు ఈ యువకునిదే. 1950లో న్యూయార్కులోని సీబీఎస్ సంస్థ ఆయనను పిలిచి ఒక వినోద కార్యక్రమం అప్పగించింది. ఆ కార్యక్రమం పేరు ‘ది రియల్ మెక్కే’. కార్యక్రమానికి పేరు ముందే కుదిరింది గనుక మనిషి పేరు దానికి తగినట్లు మార్చారు! అంతటితో మెక్‌మానస్ లోకానికి మెక్కే అయినాడు. బిడ్డలకు మాత్రం తాతల నాటి పేరే మిగిలింది. ఆయన కుమారుడు షాన్ మెక్‌మానస్ తదనంతర కాలంలో అదే సీబీఎస్ సంస్థలో క్రీడా విభాగానికీ, కొంతకాలం వార్తా విభాగానికీ కూడ అధిపతి కావటం విశేషం.

ఈ జీవితం ఆటంకాలు లేకుండా సాగినది కాదు. 1960లో స్క్వా వేలీలో జరిగిన శీతకాలపు ఒలింపిక్ క్రీడల ప్రసారాన్ని మెక్కే నడపవలసి ఉన్నది. ఆ సమయానికి మానసికంగా కుంగిపోయి ఆయన ఆ బాధ్యత వహించలేకపోయాడు. ఆ స్థానంలో వార్తా విభాగానికి చెందిన వాల్టర్ క్రాంకైట్ కూర్చున్నాడు. ఆ సంవత్సరమే కోలుకొని, రోమ్ ఒలింపిక్ క్రీడలకు న్యూయార్కు స్టూడియోనుండి మెక్కే వ్యాఖ్యానం చెప్పాడు. ఆటల మనిషి పడిపోతే వార్తల మనిషి వచ్చి ఆదుకొన్న ఈ సంఘటనను పాఠకులు గుర్తుంచుకోవలెనని కోరుతున్నాను. పన్నెండేళ్ల తరువాత పని తారుమారైంది.

1961 ఏప్రిల్ 29న ఏబీసీ సంస్థలో రూన్ ఆర్లెజ్ ఆధ్వర్యంలో ‘వైడ్ వరల్డ్ ఆఫ్ స్పోర్ట్స్’ అనే కార్యక్రమం ప్రారంభమైంది. దాని వ్యాఖ్యాత మెక్కే. ఆ కార్యక్రమం కోసం ఆయన నలభై దేశాలు తిరిగాడనీ, నూరింటికి పైగా క్రీడలను గురించి చెప్పాడనీ అంటారు. అమెరికా ప్రేక్షకునికి బేస్‌బాల్ తెలుసు, ఫుట్‌బాల్ పేరుతో వారాడుకొనే ఆట తెలుసు. కొండకొమ్మునుండి సముద్రంలోకి దూకటం, నీటిలో తేలే దుంగమీద నిలబడి తోటివానిని పడవేయటం వంటి వాటి నియమాలు అతనికి ఏమి తెలుసు? అందువల్ల మెక్కే ప్రతి వారం, ఏమీ తెలియని ఒక మనిషి ఎదురుగా కూర్చున్నాడని భావించి మాట్లాడవలసివచ్చింది. ఆ మనిషిని చిన్నబుచ్చరాదు. అతని ఓపికను పరీక్షించనూ రాదు. మన అధ్యాపకులలో మంచివారు చేసే పని ఇదే.

అదే సంవత్సరం జులై నెలలో మాస్కోలో అమెరికా, సోవియట్ క్రీడాకారుల మధ్య పోటీలు జరిగాయి. ప్రచ్ఛన్న యుద్ధం ముమ్మరంగా సాగుతున్న రోజులవి. అక్కడ వాలెరీ బ్రూమెల్ అనే సోవియట్ యువకుడు 2.24 మీటర్ల ఎత్తు దూకి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. శత్రువులని తాము తలచే జాతిలో అంతటి అందమైన దూకుడు గల కుర్రవాడు ఉన్నాడన్న సంగతి అమెరికా ఇళ్లలోకి తెచ్చినది ఈ కార్యక్రమమే. రాజకీయ వ్యాసాలు వంద చదివినా కలగని పరిచయం ఒక్క ఎత్తుదూకుడు వల్ల కలగవచ్చును. 1968లో మెక్కేకు ఎమీ పురస్కారం లభించింది. క్రీడా వ్యాఖ్యాతకు ఆ పురస్కారం రావటం అదే ప్రథమం.

ఇక మ్యూనిక్ విషయం. 1972 ఒలింపిక్ క్రీడలు పశ్చిమ జర్మనీలోని ఆ నగరంలో జరిగాయి. మన హాకీ జట్టు కాంస్య పతకం తెచ్చుకొన్నది ఆ క్రీడలలోనే. ఏబీసీ ప్రసారానికి ప్రధాన వ్యాఖ్యాత క్రిస్ షెంకెల్; మెక్కేకు అప్పగించినవి పరుగుపందెములు, వ్యాయామ క్రీడలు. సెప్టెంబరు 5 ఆయనకు సెలవు దినం. ఆ తెల్లవారుజామున పాలస్తీనాకు చెందిన ‘బ్లాక్ సెప్టెంబర్’ సంస్థవారు ఎనిమిదిమంది ఆయుధాలతో ఒలింపిక్ గ్రామంలోని ఇజ్రాయెల్ క్రీడాకారుల బసలో ప్రవేశించి, ఇద్దరిని చంపి, తొమ్మిదిమందిని బందీలుగా పట్టుకొన్నారు. మెక్కే తన హోటల్‌లో ఈతకొలనులోకి దిగబోతున్న సమయంలో పిలుపు వచ్చింది. ఈత దుస్తుల మీదనే మామూలు దుస్తులు తొడుక్కొని స్టూడియోకు చేరుకొన్నాడు. ఇంక ఆ రోజంతా, రాత్రంతా ఆ దుస్తులలోనే ఉన్నాడు.

ప్రధాన వ్యాఖ్యాతను కాదని ఆర్లెజ్ మెక్కేను ఎందుకు కూర్చుండబెట్టాడన్నది ఆలోచించదగిన ప్రశ్న. మెక్కే ఒకనాడు పత్రికా విలేఖరి అన్నది ఆర్లెజ్ చెప్పిన కారణం. అది నిజమే. కాని ఆయన విలేఖరి వృత్తి మానివేసి అప్పటికి పాతికేళ్లు కావస్తున్నది. ఆ పాతికేళ్లూ ఆయన చేసినది ఆటలు చూసి చెప్పటమే. ఆ రోజు పదునాలుగు గంటలకు మించి కెమెరా ముందు కూర్చొనగలిగిన ఓర్పు ఆ ఆటలవల్లనే అలవడినదని నా అభిప్రాయం. ముగింపు ఏమిటో తెలియని సంఘటనను, అది జరుగుతున్నంతసేపూ, జరిగినంతవరకే చెప్పటం క్రీడా వ్యాఖ్యాత నిత్యకృత్యం. పరుగు పూర్తికాక మునుపే విజేత పేరు చెప్పినవాడు ఆ వృత్తిలో నవ్వులపాలవుతాడు. వార్తాపత్రికలవారికి అంతటి తక్షణ శిక్ష లేదు; వారికి మరునాటి సంచికలో సవరణ వేసుకొనే వెసులుబాటు ఉన్నది.

ఆ రాత్రి బందీలను హెలికాప్టర్లలో ఫ్యూర్స్టన్‌ఫెల్డ్‌బ్రుక్ వైమానిక స్థావరానికి తరలించారు. అక్కడ జర్మన్ పోలీసులు కాల్పులు ప్రారంభించారు. అర్ధరాత్రి కావస్తుండగా, బందీలందరూ క్షేమంగా విడుదలయ్యారన్న కబురు పుట్టింది. ఎవరు పుట్టించారో గాని స్థావరం గేటు ముందు గుమికూడిన జనంనుండి విలేఖరులకు, వారినుండి వార్తాసంస్థలకు, అక్కడినుండి లోకమంతటికీ పాకింది. జర్మన్ ప్రభుత్వ ప్రతినిధి కొన్రాడ్ ఆలర్స్ ఏబీసీ ప్రసారంలోనే, తమకు తెలిసినంతవరకు పోలీసు చర్య విజయవంతమైనదని చెప్పాడు. ప్రపంచపు పత్రికలు కొన్ని ఆ శుభవార్తతోనే ముద్రణకు వెళ్లిపోయాయి. అటువంటి వేళ, రాత్రంతా మేలుకొని ఉన్న వ్యాఖ్యాత సంబరపడి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కారు. ప్రభుత్వమే చెప్పింది కదా!

తరువాత అందిన కబుర్లు మొదటిదానికి పొసగలేదు. స్థావరంలో ఇంకా కాల్పులు జరుగుతున్నాయనీ, ఒక హెలికాప్టర్ తగలబడుతున్నదని అంటున్నారనీ, అంతా గందరగోళంగా ఉన్నదనీ, ఏదీ తేలలేదనీ మెక్కే ప్రేక్షకులకు చెప్పాడు. ఏదీ తేలలేదు అన్న మాట చెప్పటం ఎంత కష్టమో మైకు ముందు నిలబడినవారికి తెలుస్తుంది. ఎదురుగా కోట్లమంది, చెవిలో నిర్మాత గొంతు, ఆపకుండా ఏదో ఒకటి చెప్పవలెనన్న ఒత్తిడి.

ఆయన మనస్సులో ఆ సమయంలో ఉన్నది ఆ కోట్లమంది కాదు. బందీలలో డేవిడ్ బెర్గర్ అనే బరువులెత్తే క్రీడాకారుడు ఉన్నాడు. అతడు అమెరికాలో పుట్టి పెరిగి, ఇజ్రాయెల్‌లో స్థిరపడినవాడు. తల్లిదండ్రులు ఒహాయో రాష్ట్రంలోని షేకర్ హైట్స్‌లో ఉన్నారు. తమ కుమారుడు బ్రతికి ఉన్నాడో లేదో ఆ ఇంటివారికి చెప్పేవాడిని నేనే అవుతాను అన్న ఎరుకతో ఆ రాత్రి గడిపానని మెక్కే తరువాత చెప్పుకొన్నాడు. తెల్లవారుజామున మూడుగంటలు దాటిన తరువాత ధ్రువపడిన సమాచారం చేతికి వచ్చింది. ఆయన కెమెరావైపు తిరిగాడు. మన గొప్ప ఆశలూ, మన ఘోరమైన భయాలూ నిజం కావటం అరుదని తన తండ్రి అంటుండేవాడనీ, ఈ రాత్రి మన ఘోరమైన భయాలు నిజమయ్యాయనీ చెప్పాడు. ఇద్దరు ఉదయమే గదులలో మరణించారు, తొమ్మిదిమంది విమానాశ్రయంలో మరణించారు, అందరూ పోయారు అని ముగించాడు. అంతే. విశేషణాలు లేవు.

పాలస్తీనా ప్రజల గోడు మన పాఠకులలో చాలామంది హృదయాలకు దగ్గరిదని నాకు తెలియనిది కాదు. ఇళ్లూ పొలాలూ పోగొట్టుకొని శిబిరాలలో తలదాచుకొన్నవారి దుఃఖం నిజమైన దుఃఖం. ఆ దుఃఖాన్ని తలచుకొని కూడ, ఆటలాడటానికి వచ్చిన నిరాయుధులైన క్రీడాకారులను, శిక్షకులను, న్యాయనిర్ణేతలను చంపటాన్ని సమర్థించలేము. మెక్కే ఆ రాత్రి ఏ పక్షాన్నీ గురించి ఉపన్యసించలేదని కొందరు విమర్శించవచ్చును. మరణించినవారి ఇంటివారు వింటున్న సమయంలో అది తగిన పని కాదని నేనంటాను. చరిత్ర చెప్పటానికి పత్రికలున్నవి, గ్రంథాలున్నవి.

ఇంతకంటె బలమైన ఆక్షేపణ మరొకటి ఉన్నది. పగటివేళ జర్మన్ పోలీసులు క్రీడాకారుల దుస్తులు ధరించి ఆ భవనం కప్పుమీదకు చేరుకొన్నారు. కెమెరాలు దానిని లోకానికి చూపించాయి. గదులలో టెలివిజన్లు ఉన్నాయి. లోపలివారు కూడ చూశారు. పోలీసులు ఆ ప్రయత్నం విరమించవలసివచ్చింది. ఇందులో తప్పు ముందుగా పోలీసులది. ఆ భవనానికి కరెంటు కూడ తీయని నిర్లక్ష్యం అది. అయినా ప్రసార సంస్థలను పూర్తిగా వదిలిపెట్టలేము. స్టూడియోలో ఎంత నిగ్రహం పాటించినా, బయట కెమెరా నిగ్రహం పాటించకపోతే ప్రాణాపాయం కలగవచ్చునన్న సంగతి ఆ రోజు బయటపడింది. మెక్కేను పొగిడేవారు ఈ భాగాన్ని దాటవేస్తారు. నాకు అది నచ్చదు.

క్రీడల రంగంలో కూడ ఆ కెమెరా నిర్దయ ఉన్నది. ‘వైడ్ వరల్డ్ ఆఫ్ స్పోర్ట్స్’ ప్రారంభంలో ప్రతి వారం మెక్కే గొంతు విజయానందాన్ని, పరాజయ వేదనను ప్రస్తావించేది. పరాజయం అన్న మాటకు బొమ్మగా చూపినది వింకో బొగటాయ్ అనే యుగోస్లావ్ క్రీడాకారుని పతనం. 1970లో ఓబెర్స్‌డోర్ఫ్‌లో మంచు వాలుమీదనుండి ఎగరబోయి, జారి, పల్టీలు కొడుతూ పడ్డాడు. దైవవశాత్తు తలకు స్వల్పమైన దెబ్బతో బయటపడ్డాడు. ఆ దృశ్యాన్ని ఏండ్ల తరబడి వారం వారం చూపారు. ఒక మనిషికి జీవితంలో ఒక్కసారి జరిగిన ప్రమాదం అతని చిరునామా అయిపోయింది. అతనికి మాత్రం తన స్వదేశంలో ఈ ఖ్యాతి సంగతే చాలాకాలం తెలియదు. 1981లో కార్యక్రమం ఇరవయ్యవ వార్షికోత్సవానికి న్యూయార్కుకు పిలిపించగా, సభలో అందరికంటె ఎక్కువ కరతాళధ్వనులు అతనికే లభించాయి. ముహమ్మద్ అలీ అంతటివాడు వచ్చి అతని సంతకం అడిగాడట! కథ సుఖాంతమైనందుకు సంతోషమే. షేకర్ హైట్స్‌లోని ఒక ఇంటిని తలచుకొన్న మెక్కే, ఈ బొగటాయ్ ఇంటిని కూడ తలచుకొని ఉంటే బాగుండేదనిపిస్తుంది. బొమ్మలు ఎంచినవారు వేరు అన్నది కొంతవరకే సమాధానం.

మ్యూనిక్ అనంతరం మెక్కేకు రెండు ఎమీ పురస్కారాలు వచ్చాయి. ఒకటి క్రీడలకు, రెండవది వార్తలకు. పత్రికా రచయితలు గౌరవించే జార్జ్ పోల్క్ పురస్కారం కూడ వచ్చింది. వాల్టర్ క్రాంకైట్ అభినందిస్తూ తంతి పంపాడు. 1960లో తన కుర్చీలో కూర్చున్న మనిషి నుండి వచ్చిన ఆ తంతికి మెక్కే ఎంత విలువనిచ్చి ఉంటాడో ఊహించవచ్చును. వార్తలలోకి పూర్తిగా మారిపొమ్మని ఎందరో అనుకొని ఉంటారు. ఆయన మారలేదు; మళ్లీ పరుగుపందెముల దగ్గరకు, తనకు ప్రాణమైన గుర్రపుపందెముల దగ్గరకు వెళ్లిపోయాడు. మారినవాడు ఆర్లెజ్. 1977లో ఏబీసీ వార్తా విభాగానికీ ఆయనే అధిపతి అయినప్పుడు, ఆటలవాడికి వార్తలేమిటని పెద్దలు ఎగతాళి చేశారు. ఆర్లెజ్ వార్తలలోకి క్రీడలనుండి తెచ్చిన హంగులలో మంచివీ ఉన్నాయి, ఈనాటి తెరమీద మనం చూసే అరుపులకు బీజాలైనవీ ఉన్నాయి.

మెక్కే మొత్తం పన్నెండు ఒలింపిక్ క్రీడలకు పనిచేశాడు. 2002లో సాల్ట్ లేక్ సిటీ క్రీడలకు ప్రత్యర్థి సంస్థ అయిన ఎన్‌బీసీవారు ఆయనను ఏబీసీనుండి అరువు అడిగి తీసుకొన్నారు. ప్రతిష్ఠాత్మకమైన బెల్మాంట్ గుర్రపుపందెం జరిగే రోజున, 2008 జూన్ 7న, మేరీలాండ్ రాష్ట్రంలోని తన పొలంలో మరణించాడు. వయస్సు 86 సంవత్సరాలు.

మన దేశంలో కూడ ఇటువంటి ఉదాహరణ లేకపోలేదు. ఆకాశవాణిలో హాకీ వ్యాఖ్యానం చెప్పి దేశాన్ని రేడియోల ముందు నిలబెట్టిన జస్‌దేవ్ సింగ్ గణతంత్ర దినోత్సవపు కవాతునూ అంతే గంభీరంగా వర్ణించాడు. ఆయన భాషలోని ఉర్దూ సౌరభం మన ఉర్దూ శాఖవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఉర్దూలో ఖబర్ వేరు, అఫ్వా వేరు. తెలుగులో వార్త వేరు, వదంతి వేరు. రెండు భాషలూ ఈ భేదాన్ని ఇంత స్పష్టంగా ఉంచినా, మన చేతిలోని ఫోను దానిని చెరిపివేసింది. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయేవారు తిరుగుతున్నారన్న పుకారు వాట్సప్‌లో పాకి, హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఒక నిర్దోషి ప్రాణం గుంపు చేతిలో పోయింది. ఆ సందేశాన్ని ముందుకు పంపినవారిలో చదువుకొన్నవారు లేరని చెప్పగలమా? తెచ్చిన కబురును విచారించి గాని నమ్మరాదన్న ఉపదేశం మనలో చాలామంది చిన్ననాడే విన్నది. వినటం వేరు, చేతికి అలవాటు కావటం వేరు. అలవాటు కావాలంటే ఎక్కడో ఒకచోట అభ్యాసం చేయాలి.

అందుకు క్రీడోత్సవపు మైకుకంటె మంచి చోటు నాకు కనిపించటం లేదు. కళాశాల కార్యవర్గంవారికి నా విన్నపం ఇది. వచ్చే క్రీడోత్సవంనుండి వ్యాఖ్యానాన్ని ఒక పోటీ అంశంగా గుర్తించి, తెలుగులో ఇద్దరిని, ఉర్దూలో ఇద్దరిని ముందుగానే ఎంపిక చేసి, నెల రోజులు సాధన చేయించవలెను. నియమం ఒక్కటే ఉంచవచ్చును: న్యాయనిర్ణేత సంతకం చేసిన చీటీ చేతికి అందేవరకు విజేత పేరు పలుకరాదు. మైదానంలో తోటి విద్యార్థులు ఎంత అరిచినా, ముందు వచ్చినది ఎవరో తన కళ్లకే స్పష్టంగా కనిపించినా, చీటీకోసం ఆగిన వ్యాఖ్యాతకే బహుమతి ఇవ్వవలెను. ఖర్చు స్వల్పం; మైకు మనకున్నది. మొదటి సంవత్సరం ఎవరిని కూర్చుండబెట్టాలన్నది వ్యాయామోపాధ్యాయులవారు, తెలుగు, ఉర్దూ శాఖల అధ్యాపకులు కలిసి దసరా సెలవులకు ముందే నిర్ణయిస్తే విద్యార్థులకు సాధనకు వ్యవధి ఉంటుంది.